రేడియేషన్ కోసం విదేశం వెళ్లాలా? యర్రగొండపాలెం వైపు కుటుంబాలు ముందు తెలుసుకోవాల్సినవి

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలిందంటే ఆ వారంలోనే పది మంది పది సలహాలు చెబుతారు. సౌదీలోనో కువైట్‌లోనో ఉన్న బంధువు ఫోన్ చేసి, "ప్రోటాన్ అని కొత్త మెషీన్ ఉందంట భాయ్, ఇక్కడివాళ్లు దానికోసం జర్మనీ పోతున్నారు, అబ్బాని మనం కూడా తీసుకెళ్దాం" అంటాడు. ప్రేమతో అన్న మాటే. కానీ ఆ ఒక్క మాటతో పొలం బేరానికి పెట్టడం, పాస్‌పోర్ట్ పనుల్లో తిరగడం మొదలవుతుంది. ఈలోపు గుంటూరులోనో హైదరాబాద్‌లోనో మొదలుపెట్టాల్సిన చికిత్స నెల రోజులు వెనక్కి పోతుంది.

అసలు ప్రోటాన్ అంటే ఏంటి, అది ఎవరికి పనికొస్తుంది, మన దేశంలో ఎక్కడ ఉంది, విదేశం తప్పనిసరి అయ్యేది ఎప్పుడు, డబ్బు, కాగితాలు ఎలా సర్దుకోవాలి అన్నవి ఒకచోట ఇస్తున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. ఎక్కువ మంది పేషెంట్లకు మెషీన్ పేరు కన్నా రెండు విషయాలు ముఖ్యం: చికిత్స టైముకి మొదలవడం, మధ్యలో ఆగకపోవడం.

రేడియేషన్‌లో ఏం చేస్తారు

శక్తివంతమైన కిరణాలను గడ్డ మీదికి పంపి క్యాన్సర్ కణాల లోపలి డీఎన్ఏని దెబ్బతీస్తారు. దాంతో ఆ కణాలు ఇక పెరగలేక చనిపోతాయి. పక్కనున్న మంచి కణాలకూ కొంత దెబ్బ తగులుతుంది, కాకపోతే అవి తొందరగా కోలుకుంటాయి. అందుకే మొత్తం డోసు ఒకేరోజు ఇవ్వకుండా చిన్న చిన్న భాగాలుగా ఇస్తారు. మామూలుగా వారానికి ఐదు రోజులు. జబ్బును బట్టి కొందరికి ఐదు రోజుల్లో అయిపోతుంది, కొందరికి ఆరేడు వారాలు పడుతుంది.

మొదలుపెట్టే ముందు సీటీ స్కాన్ తీసి ప్లాన్ వేస్తారు. నోరు, గొంతు, మెదడు కేసుల్లో ముఖానికి సరిపోయే ప్లాస్టిక్ మాస్క్ తయారు చేస్తారు. రోజూ మెషీన్ కింద ఉండేది పది, ఇరవై నిమిషాలే. కరెంటు షాక్ లాంటిది ఉండదు, నొప్పి తెలియదు. బయటి నుంచి ఇచ్చే ఈ రేడియేషన్ తీసుకున్న మనిషి ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పక్కవాళ్లకు ఏ ప్రమాదమూ లేదు.

ఇప్పుడు పెద్ద ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడేది లీనియర్ యాక్సిలరేటర్, లినాక్ అంటారు. ఐఎంఆర్‌టీ, ఐజీఆర్‌టీ, వీమ్యాట్, ఎస్‌బీఆర్‌టీ అని వినిపించే పేర్లన్నీ లినాక్ మీద చేసే పద్ధతులే. గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాన్ని మలిచి, రోజూ స్కాన్‌తో సరిచూసుకుని ఇస్తారు. ఇవి పాతబడిపోయిన వైద్యం కాదు. అమెరికాలో కూడా రేడియేషన్ తీసుకునేవారిలో అత్యధికులకు ఇచ్చేది ఇదే.

ప్రోటాన్‌కి తేడా ఏంటి

లినాక్ నుంచి వచ్చే ఎక్స్‌రే కిరణం గడ్డను దాటి అవతలి వైపుకి కూడా వెళుతుంది. దారిలో ముందూ వెనకా ఉన్న అవయవాలకు కొంత డోసు పడుతుంది. ప్రోటాన్ అలా కాదు. శరీరంలో ఒక లోతు దాకా వెళ్లి, తన శక్తిలో ఎక్కువ భాగం అక్కడే వదిలేసి ఆగిపోతుంది. ఆ లోతు ఎంతన్నది ముందే లెక్క కట్టొచ్చు. గడ్డ వెనకాల మెదడు కాండమో, వెన్నుపామో, చిన్నపిల్లల గుండెనో ఉంటే ఈ తేడాకి చాలా విలువ ఉంటుంది.

ఈ ఆలోచనను 1946లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ ముందుపెట్టారు. 1954లో బర్క్‌లీ ప్రయోగశాలలో మొదటి పేషెంట్‌కి ఇచ్చారు. ఆస్పత్రి ఆవరణలోనే కట్టిన మొదటి ప్రోటాన్ కేంద్రం 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో మొదలైంది. అంటే ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. యంత్రం చాలా పెద్దది, ఖరీదు వందల కోట్లలో ఉంటుంది. అందుకే ప్రపంచంలోనే కేంద్రాలు తక్కువ.

ఎవరికి నిజంగా అవసరం

డాక్టర్లు ప్రోటాన్ గురించి గట్టిగా ఆలోచించే కేసులు ఇవి:

చిన్నపిల్లల మెదడు, వెన్నుపాము గడ్డలు. పెరిగే పిల్లలకు అనవసరంగా పడే ప్రతి డోసూ రేపటి ఎదుగుదల మీద, వినికిడి మీద, చదువు మీద పడుతుంది.

పుర్రె అడుగు భాగంలో, వెన్నెముకలో వచ్చే కార్డోమా, కాండ్రోసార్కోమా లాంటి అరుదైన గడ్డలు.

ఇంతకుముందు రేడియేషన్ తీసుకున్న చోటే మళ్లీ గడ్డ వచ్చి, మళ్లీ ఇవ్వాల్సిన పరిస్థితి.

కంటి నరానికి, మెదడు కాండానికి ఆనుకుని ఉన్న కొన్ని గడ్డలు.

మిగతా క్యాన్సర్లలో తేడా తక్కువ, లేదా ఇంకా పరిశోధన నడుస్తోంది. ప్రోస్టేట్ క్యాన్సర్ సంగతే చూడండి. అమెరికాలో 450 మంది మగవాళ్ల మీద ప్రోటాన్‌నీ ఐఎంఆర్‌టీనీ పోల్చి చూసిన పార్టిక్వాల్ అనే అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. పేగు సంబంధమైన ఇబ్బందుల్లో రెండు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గుట్కా, ఖైనీ, బీడీ వల్ల వచ్చే నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ మన దగ్గర ఎక్కువగా చూసేవి. వీటిలో ఎక్కువ మందికి మంచి లినాక్ ఉన్న చోట చికిత్స సరిపోతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో అయితే లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ చాలా ముఖ్యం. ప్రోటాన్ దానికి బదులు కాదు. కాబట్టి ఆ కేసులో "ప్రోటాన్ ఉందా" అని కాదు, "బ్రాకీథెరపీ ఉందా" అని అడగాలి.

విదేశం దాకా పోనక్కర్లేదు: చెన్నై, నవీ ముంబై

ఒకప్పుడు ప్రోటాన్ కావాలంటే మన దేశం నుంచి అమెరికాకో, యూరప్‌కో, జపాన్‌కో వెళ్లక తప్పేది కాదు. 2019 జనవరితో ఆ పరిస్థితి మారింది. చెన్నై తరమణిలో అపోలో ప్రోటాన్ క్యాన్సర్ సెంటర్ మొదలైంది. మన పశ్చిమ ప్రకాశం వాళ్లు ఒంగోలు చేరితే అక్కడి నుంచి చెన్నైకి నేరుగా రైళ్లు ఉన్నాయి.

రెండోది ప్రభుత్వ రంగంలోది. ముంబై టాటా మెమోరియల్ సెంటర్‌కి నవీ ముంబై ఖార్‌ఘర్‌లో ఆక్ట్రెక్ అనే పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడి ప్రోటాన్ విభాగంలో 2023లో పేషెంట్లకు చికిత్స మొదలుపెట్టారు. టాటా మెమోరియల్ కేంద్ర అణుశక్తి శాఖ కింద పనిచేస్తుంది. పేదవాళ్లకు రాయితీ ఉండే జనరల్ కేటగిరీ ఉంది, కాకపోతే రద్దీ ఎక్కువ, వేచి ఉండాలి. మన ఇళ్లలో ఉర్దూ వచ్చిన పెద్దవాళ్లకు ముంబైలో మాట ఇబ్బంది ఉండదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆరు వారాలు డాక్టర్‌తో, నర్సుతో నేరుగా మాట్లాడుకోగలగడం పేషెంట్‌కి పెద్ద ధైర్యం.

మనకు దగ్గరలో ఏమున్నాయి

గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో నాట్కో ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ కేంద్రం ఉంది. యర్రగొండపాలెం నుంచి వినుకొండ, నరసరావుపేట మీదుగా వెళ్లొచ్చు. మార్కాపురం, గిద్దలూరు వాళ్లకు గుంటూరు, నంద్యాల లైను రైళ్లు ఉన్నాయి.

తిరుపతిలో టాటా ట్రస్టుల సహకారంతో కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి 2022లో మొదలైంది. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్లదే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.

హైదరాబాద్‌కి మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా రోడ్డు ఉంది. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి 1955 నాటిది. ఆ పేరులోని ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా, తర్వాత గుజరాత్ మొదటి గవర్నర్‌గా చేసిన పెద్దమనిషి ఆయన. బంజారాహిల్స్‌లో బసవతారకం ఆస్పత్రి 2000 నుంచి నడుస్తోంది. కంటి క్యాన్సర్ అయితే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటికి చిన్న పలకలాంటిది అతికించి ఇచ్చే రేడియేషన్ కూడా ఉంది. తెలంగాణ ఆస్పత్రుల్లో మన ఆంధ్ర కార్డు చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే 104కి ఫోన్ చేసి తెలుసుకోండి.

ఆలస్యం ఖరీదు

నోరు, గొంతు క్యాన్సర్లలో రేడియేషన్ మొదలయ్యాక మధ్యలో ఆగితే, ఆగిన ప్రతి రోజుకూ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని వైద్యుల లెక్క. వారం రోజులు పెళ్లికని ఊరొచ్చి పోవడం, డబ్బు సర్దుబాటుకని ఆపడం ఎంత ఖరీదో దీన్నిబట్టి ఆలోచించండి. ఆపరేషన్ తర్వాత రేడియేషన్ రాస్తే అది కూడా సాధారణంగా ఆరు వారాల లోపు మొదలుపెట్టాలని చూస్తారు.

ఇప్పుడు విదేశం లెక్క వేయండి. పాస్‌పోర్ట్, ఆస్పత్రి నుంచి అపాయింట్‌మెంట్ లెటర్, మెడికల్ వీసా, డబ్బు పంపడం, అక్కడ మళ్లీ కొత్తగా స్కాన్లు, ప్లాన్. అన్నీ సవ్యంగా జరిగినా వారాలు గడుస్తాయి. అరుదైన గడ్డ నెమ్మదిగా పెరిగేదైతే ఆ టైము ఉంటుంది. గొంతు క్యాన్సర్‌కి ఉండదు.

అయినా విదేశం వెళ్లాల్సి వచ్చేది ఎప్పుడు

ఒక సందర్భం ఉంది. ప్రోటాన్ కన్నా బరువైన కార్బన్ అయాన్‌తో ఇచ్చే చికిత్స మన దేశంలో లేదు. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి ఇస్తున్నారు. జర్మనీలో హైడెల్‌బర్గ్, ఇటలీలో పావియా, ఆస్ట్రియాలో వీనర్ న్యూస్టాట్ కేంద్రాలు కూడా ఉన్నాయి. కోయడానికి వీల్లేని కొన్ని ఎముక, కండర గడ్డలకు, కార్డోమాకు, లాలాజల గ్రంథుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్‌కు దీన్ని ఆలోచిస్తారు. మీ డాక్టరే ఆ పేరు చెప్పి రాసిస్తే అప్పుడు కదలండి.

రెండో సందర్భం, కుటుంబంలో ఒకరు అక్కడే ఉద్యోగంలో ఉండి, వారి ఇన్సూరెన్స్ ఈ ఖర్చు భరిస్తుందని రాతపూర్వకంగా తేలినప్పుడు. నోటి మాట సరిపోదు.

డాక్టర్‌ని అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. మొహమాటపడొద్దు.

1. ఈ చికిత్స జబ్బు నయం చేయడానికా, బాధ తగ్గించడానికా?
2. లినాక్ మీద ఇస్తే నయమయ్యే అవకాశంలో తేడా వస్తుందా, లేక సైడ్ ఎఫెక్టుల్లోనే తేడానా? ఆ తేడా ఎంత?
3. ఎన్ని రోజుల్లోపు మొదలుపెట్టాలి?
4. ఈ కేసు ట్యూమర్ బోర్డులో పెట్టారా? అంటే సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి చూశారా?
5. అక్కడికి వెళ్లి వచ్చాక ఇక్కడ ఎవరు చూస్తారు?

రెండో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా పొలం అమ్మే మాట ఎత్తొద్దు. నయమయ్యే అవకాశం ఒకటే అయినప్పుడు, ఉన్నదంతా అమ్మి వెళ్లినందువల్ల పేషెంట్‌కి అదనంగా వచ్చేది తక్కువ. మిగిలిన కుటుంబానికి పోయేది ఎక్కువ.

ఇంకో డాక్టర్ మాట కూడా కావాలనుకుంటే ముంబై దాకా పోకుండానే టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల సలహా నవ్య అనే ఆన్‌లైన్ సర్వీసు ద్వారా రాతపూర్వకంగా తీసుకోవచ్చు. రిపోర్టులు స్కాన్ చేసి పంపితే చాలు.

కాగితాలు: పేరు దగ్గరే చాలామంది ఆగిపోతారు

మన కుటుంబాల్లో ఇది నిజమైన తలనొప్పి. ఆధార్‌లో షేక్ అని, రేషన్ కార్డులో ఎస్‌కే అని, ఆస్పత్రి రిపోర్టులో షైక్ అని ఉంటుంది. ఆడవాళ్ల పేరు చివర ఒకచోట బీ, ఒకచోట బేగం, ఒకచోట బీబీ. పఠాన్, సయ్యద్ ఇంటిపేర్లు పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడిలో ఉంటాయి, టికెట్‌లో ముందు వస్తాయి. వీసాకి, ఇన్సూరెన్స్‌కి, ప్రభుత్వ సాయానికి ఈ తేడాలే అడ్డం. కాబట్టి మొదటి బయాప్సీ రోజే ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతోనే ఆస్పత్రిలో పేరు రాయించండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: బయాప్సీ రిపోర్టుతో పాటు ఆ స్లైడ్లు, మైనం బ్లాకులు, సీటీ, ఎమ్మారై, పెట్ స్కాన్ సీడీలు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీలు, ఇంతకుముందు రేడియేషన్ తీసుకుని ఉంటే ఎక్కడ, ఎంత డోసు, ఎన్ని రోజులు అన్న వివరం. ఫిల్ములు చాలవు, సీడీ అడిగి తీసుకోండి. ఒక సెట్ జిరాక్స్ ఇంట్లో ఉంచండి.

డబ్బు లెక్క

ప్రోటాన్ కోర్సు మన దేశంలోనే పదుల లక్షల్లో ఉంటుంది. అమెరికాలో కోటి దాటే అవకాశం ఉంది. ఆస్పత్రి ఇచ్చే ఎస్టిమేట్‌లో చికిత్స ఒక్కటే ఉంటుంది. మీ లెక్కలో ఇవన్నీ రాయండి: మళ్లీ చేసే స్కాన్లు, మందులు, ఆరేడు వారాల గది అద్దె, తిండి, ఇద్దరి రాకపోకలు, తోడు వెళ్లినవారు పోగొట్టుకునే కూలీ లేదా జీతం, తర్వాత రెండేళ్ల చెకప్‌లు. తిరిగొచ్చాక మందులకు డబ్బు లేకపోతే చేసిందంతా సగంలో ఆగినట్టే.

రాష్ట్ర ప్రభుత్వ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఆరోగ్యశ్రీ అని పిలిచేదే, నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో మామూలు రేడియేషన్‌కు వర్తిస్తుంది. మీ చికిత్స జాబితాలో ఉందో లేదో ఆస్పత్రిలోని వైద్యమిత్రని అడగండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టొచ్చు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి ఆస్పత్రి ఎస్టిమేట్ జతచేసి చికిత్స మొదలయ్యేలోపే పంపాలి. ప్రైవేటు హెల్త్ పాలసీ ఉంటే అది ఇండియా బయట చెల్లుతుందా, రేడియేషన్‌కి సబ్ లిమిట్ ఉందా చూసుకోండి.

విదేశానికి డబ్బు పంపేటప్పుడు పాన్ కార్డు, బ్యాంకులో ఏ2 ఫారం కావాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. వైద్యానికైతే ఆస్పత్రి ఎస్టిమేట్ చూపి అంతకుమించి కూడా పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయల వరకు టీసీఎస్ లేదు, దాటిన మొత్తం మీద బ్యాంకు కొంత పట్టుకుంటుంది. కారణం వైద్యం అని ఫారంలో సరిగ్గా రాయించండి, వేరే కోడ్ కింద పడితే రేటు బాగా పెరుగుతుంది. పట్టుకున్నది పోయినట్టు కాదు, ఐటీ రిటర్న్ వేస్తే పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా వెనక్కి వస్తుంది. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడు అక్కడి తన అకౌంట్ నుంచే ఆస్పత్రికి నేరుగా కడితే ఈ టీసీఎస్ గొడవే లేదు.

ప్రయాణం, బస

రైల్లో క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి వాళ్లు రైల్వే నమూనాలో సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని కౌంటర్‌లో చూపాలి. ముంబైలో, చెన్నైలో పేషెంట్ల కోసం తక్కువ అద్దె గదులు, ధర్మశాలలు ఉంటాయి. వాటి జాబితా ఆస్పత్రి సోషల్ వర్కర్ దగ్గర దొరుకుతుంది. ముందు ఒకరు వెళ్లి చూసి వస్తే మంచిది.

వుజూ, రోజా, జకాత్

రేడియేషన్ కోసం చర్మం మీద పెట్టిన గుర్తులు చెరగకూడదు. వుజూ, గుస్ల్‌లో నీళ్లు తగలొచ్చా, ఎలా తుడుచుకోవాలి అన్నది టెక్నీషియన్‌ని అడగండి. సబ్బు పెట్టి రుద్దొద్దు. చర్మం పుండు పడితే తయమ్ముమ్ గురించి మీ ఆలిమ్‌ని అడగండి.

రంజాన్‌లో చికిత్స పడితే పేషెంట్ రోజా ఉండాలని పట్టుబట్టొద్దు. జబ్బుపడ్డవారికి వాయిదా అనుమతి ఖుర్‌ఆన్‌లోనే ఉంది. నోరు, గొంతు రేడియేషన్‌లో తిండి, నీళ్లు తగ్గితే బరువు పడిపోతుంది, మాస్క్ వదులైపోతుంది, మళ్లీ ప్లాన్ వేయాల్సి వస్తుంది.

ఆడవాళ్లకు మహిళా టెక్నీషియన్ కావాలంటే మొదటి రోజే చెప్పండి, కుదిరినచోట ఏర్పాటు చేస్తారు. కలోంజి, ఆకు మందులు ఏవి వాడుతున్నా డాక్టర్‌కి దాచొద్దు. దువా, దవా రెండూ కలిసే నడవాలి.

వైద్యం ఖర్చుతో అప్పులపాలైన పేదవారికి జకాత్ ఇవ్వడం గురించి మస్జిద్ కమిటీతో, ఆలిమ్‌తో మాట్లాడండి. పోగుచేసిన డబ్బు ఆస్పత్రి అకౌంట్‌కే కట్టి రసీదు తీసుకుంటే ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ మాట రాదు.

ఏజెంట్లతో జాగ్రత్త

విదేశీ ఆస్పత్రులకు సొంతంగా అంతర్జాతీయ పేషెంట్ల విభాగం ఉంటుంది. నేరుగా ఈమెయిల్ పంపితే జవాబిస్తారు. రిపోర్టులు చూడకుండానే గ్యారంటీగా నయమవుతుందని చెప్పేవాడిని, అడ్వాన్సు తన సొంత అకౌంట్‌లో వేయమనేవాడిని నమ్మొద్దు. ఏ మంచి క్యాన్సర్ డాక్టరూ గ్యారంటీ అనే మాట వాడడు.

మొదటి వారంలో చేయాల్సిన పని

బయాప్సీ రిపోర్టు చేతికి రాగానే దగ్గరలోని క్యాన్సర్ ఆస్పత్రిలో పేరు నమోదు చేయించండి. ట్యూమర్ బోర్డు అభిప్రాయం తీసుకోండి. అనుమానం ఉంటే ఆన్‌లైన్‌లో రెండో సలహా అడగండి. ప్రోటాన్ అవసరమని రాసిస్తే ముందు చెన్నై, నవీ ముంబై రెండు చోట్లా తేదీ, ఎస్టిమేట్ తీసుకోండి. ఆ తర్వాతే విదేశం మాట. ఈ పనులన్నీ నడుస్తున్నంతసేపూ ఇక్కడి అపాయింట్‌మెంట్ వదులుకోవద్దు. దూరంలో ఉన్న పెద్ద మెషీన్ కోసం ఎదురుచూస్తూ, దగ్గరలో దొరికిన తేదీ పోగొట్టుకోకండి.